ఎవరూ నొక్కని బటన్

రాష్ట్ర తాటి ఉత్పత్తుల అభివృద్ధి సంస్థకు డిజిటల్ నాణేలు ఎలా వచ్చాయో సంస్థలో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఏదో దేశంలో ఒక పెద్దమనిషి తాటిబెల్లం రుచి మరిగి, రెండు కంటెయినర్లు తెప్పించుకుని, ఖరీదు క్రిప్టోలో చెల్లించాడని కొందరు అంటారు. కాదు, మంత్రిగారు ఒక సదస్సుకు వెళ్లివచ్చి, ఇకమీదట ప్రతి కార్పొరేషనూ భవిష్యత్తులోకి అడుగు పెట్టాలని సెలవిచ్చారు గనక సంస్థే కొని పెట్టుకుందని మరికొందరు అంటారు. ఏదైతేనేం, నాణేలు ఉన్నాయి. ఉన్నాయని కంప్యూటరు చెబుతోంది. అవి దాచుకునే వాలెట్ ఎలా తెరవాలో, తెరిచాక ఏం చేయాలో మాత్రం సంస్థలో ఒక్క ప్రాణికీ అంతుపట్టలేదు.

అందుచేత సంస్థవారు, "సంస్థాగత ఖాతాదారులకు అనువైన అతి సరళమైన వాలెట్ నిర్వహణ సాధనము" కావలెనని ప్రకటన ఇచ్చారు. అతి సరళం అంటే ఏమిటో వివరిస్తూ వందకు పైగా పేజీల షరతులు జతచేశారు. విజయవాడ ఆటోనగర్లో టైర్ల దుకాణం మేడమీద ఉండే తాళంచెవి టెక్నాలజీస్ అనే చిన్న కంపెనీకి ఆ పని దక్కింది. ప్రతిభ చూసి ఇచ్చారని అనుకోవడానికి వీల్లేదు. అన్ని పేజీల మీదా సంతకం పెట్టి పంపింది వాళ్లొక్కరే.

ఆ సంతకాలు పెట్టి వేళ్లు నొప్పి పుట్టించుకున్న మనిషి ప్రణతి. కంపెనీలో డిజైనరు. తెర మీద ఏది ఎక్కడ ఉండాలో, ఎన్ని ఉండకూడదో చూడడం ఆమె పని. ఉండకూడనివాటిని పీకి పారేయడంలో ఆమెకు మహా సరదా. ఆమె మాట నమ్మి నలుగురు స్నేహితులు హైదరాబాదులో నికరమైన ఉద్యోగాలు వదులుకుని ఈ టైర్ల వాసనలోకి వచ్చిపడ్డారు. యజమాని హరనాథ్ దగ్గర దసరా దాకా జీతాలివ్వడానికి సరిపడా డబ్బుంది. ఆ తర్వాత తాటి సంస్థవారి సొమ్ము వస్తే కంపెనీ ఉంటుంది, రాకపోతే మేడమీద కూడా టైర్లే ఉంటాయి. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఆ నలుగురూ కాంటీను బల్ల దగ్గర నవ్వుతూ కనిపిస్తే ప్రణతికి గుండెలో కలుక్కుమనేది.

షరతు చూస్తే చిన్నదే. సంస్థ వాలెట్‌లోంచి సంస్థదే అయిన మరో వాలెట్‌లోకి ఒక్క రూపాయి విలువచేసే నాణెం ముక్క పంపి చూపించాలి. ఇటు జేబులోంచి తీసి అటు జేబులో వేసుకోవడమన్న మాట. అది జరిగితే "పని సంతృప్తికరముగా పూర్తయినది" అని ధ్రువపత్రం ఇస్తారు, దాని వెనకే సొమ్మూ వస్తుంది.

ప్రణతి వాళ్లకోసం తయారుచేసిన తెరను చిన్నపిల్లలు కూడా వాడగలరు. ఎవరికి, ఎంత అని రెండు గళ్లు, వాటి కింద "పంపు" అని ఒక ఆకుపచ్చ బటన్, అంతే. భద్రత కోసం ఎండీ, చీఫ్ అకౌంట్స్ ఆఫీసరు, జనరల్ మేనేజరు, ఈ ముగ్గురు అధికారులకు వేలెడంత తాళంచెవి ఒక్కొక్కటి. ఎవరి చెవి వాళ్లు కంప్యూటరుకు గుచ్చి పంపు నొక్కాలి. ముగ్గురూ నొక్కితే నాణెం కదులుతుంది.

మొదటిరోజు ప్రదర్శనకు సంస్థ ఎండీ ధనుంజయరావు గారు, చీఫ్ అకౌంట్స్ ఆఫీసరు సీతామహాలక్ష్మి గారు, సూపరింటెండెంటు అప్పలస్వామి గారు వచ్చి కూర్చున్నారు. ప్రణతి మొత్తం చూపించేసరికి, తెప్పించిన టీలు ఇంకా చల్లారలేదు. ఎండీ గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, తెర కింద ఇంకేమైనా ఉందేమోనని వంగి చూశారు.

"ఇంత సులువుగా ఉంటే ఎలాగమ్మా?" అన్నారు చివరికి. "నొక్కితే వెళ్లిపోతుందా?"

వెళ్లిపోతుందని ప్రణతి ఉత్సాహంగా చెప్పింది. ముగ్గురి మొహాల్లోనూ రక్తం ఇంకిపోయింది. తాము కోరిన సరళత్వము విధానపరమైన సరళత్వమే గాని క్రియాపరమైన సరళత్వము కాదని ఎండీ గారు ఎంతో మృదువుగా వివరించారు. ప్రణతి దాన్ని పుస్తకంలో రాసుకుంది. ఇంటికి వెళ్లి పదిసార్లు చదువుకున్నా అందులో అర్థమేమిటో ఆమెకు బోధపడలేదు.

అయినా తాళంచెవులు సంస్థకు అప్పగించడం జరిగింది. ప్రభుత్వ సొమ్ముకు సంబంధించిన ఏ తాళంచెవినైనా స్వీకరించిన వెంటనే గుడ్డలో చుట్టి, లక్కతో సీలు వేసి, ఇనప్పెట్టెలో భద్రపరచాలని నియమం. అది ఖజానాల కాలం నుంచి వస్తున్న పద్ధతి. అప్పలస్వామి గారు పద్ధతి తప్పే మనిషి కారు. గుడ్డ చుడితే చెవి ఏదో తెలియదు గనక గుడ్డ మానేశారు. కొవ్వొత్తి వెలిగించి, ఎర్ర లక్క కరిగించి, ముగ్గురు సాక్షుల సమక్షంలో, మూడు చెవుల నోళ్లల్లోనూ నింపుగా పోసి, పైన సంస్థ ముద్ర అదిమారు. ఆ నోళ్లే కంప్యూటరుకు గుచ్చే భాగాలు.

రూపాయి పంపించే ముహూర్తానికి ప్రణతి వెళ్లేసరికి ఆ చెవులు వెండిపళ్లెంలో వచ్చాయి. చూస్తే మూడు ఎర్ర ఖర్జూరాల్లా ఉన్నాయి. సార్, ఇవి ఇక దూరవు కదా అని ఆమె నీరసంగా అడిగింది. దూరకూడదనే కదమ్మా సీలు వేశాం అన్నారు అప్పలస్వామి గారు. ఆయన గొంతులో వెటకారం లేదు. సీలు పగలగొట్టాలంటే సీలు ఎందుకు పగలగొట్టవలసివచ్చిందో విచారించే కమిటీ వేయాలట. కమిటీ వేయడం కన్నా కొత్త చెవులు తేవడమే సులువని ఆమె ఆటోనగర్‌కు తిరిగివచ్చింది. ఆ మూడు ఖర్జూరాలు ఇప్పటికీ ఇనప్పెట్టెలోనే ఉన్నాయి.

కొత్త చెవులకు సీలు వేయకుండా ఎండీ గారిచేత ప్రత్యేక ఉత్తర్వు ఇప్పించుకునేసరికి శ్రీరామనవమి దాటింది. ఈలోగా జనరల్ మేనేజరు బదిలీ అయిపోయారు. మూడో చెవి ఆయనది. ఆ కుర్చీ అదనపు బాధ్యతలు కూడా సీతామహాలక్ష్మి గారికే అప్పగించారు. ప్రణతికి ప్రాణం లేచివచ్చింది. ముగ్గురికి బదులు ఇద్దరే నొక్కితే చాలు, పైగా ఒకామె రెండుసార్లు నొక్కుతుంది.

సీతామహాలక్ష్మి గారు జనరల్ మేనేజరు గదిలో కూర్చుని, ఒక్క రూపాయి పంపడానికి అనుమతించవలసిందిగా అకౌంట్స్ విభాగాన్ని కోరారు. తర్వాత వరండా దాటి తన గదికి వచ్చి, కళ్లజోడు మార్చుకుని, అదే అభ్యర్థనను క్షుణ్ణంగా చదివి, రూపాయి ఏ పద్దు కింద వెళుతోందో రాయలేదని తిప్పి పంపారు. మళ్లీ వరండా దాటి వెళ్లి దాన్ని అందుకుని చిన్నబుచ్చుకున్నారు. అకౌంట్స్ వారు ప్రతిదానికీ కొర్రీలు వేస్తున్నారని అక్కడి గుమాస్తా దగ్గర వాపోయారు.

ప్రణతి ఉండబట్టలేక, మేడమ్, అడిగిందీ మీరే, కాదన్నదీ మీరే కదా అంది.

"ఆ కుర్చీలో కూర్చుంటే అడగడం నా ధర్మం అమ్మాయ్. ఈ కుర్చీలో కూర్చుని నేనడిగాను కదా అని ఒప్పేసుకుంటే రేపు ఆడిట్ వాళ్లేమంటారు? కుమ్మక్కయ్యామంటారు."

ఆమె మంచి మనిషి. ఆ మాట అంటూనే తన డబ్బాలోంచి ఒక తాటిబెల్లం ముక్క తీసి ప్రణతి చేతిలో పెట్టారు. ప్రణతి అది చప్పరిస్తూ మెట్లు దిగింది.

దసరాకు ఇక మూడు నెలలే ఉంది. హరనాథ్ రోజుకోసారి, ప్రణతీ, రూపాయి కదిలిందా అని అడుగుతున్నాడు. ఆ నలుగురిలో పరీక్షలు చేసే ఫణీంద్ర మొదటిసారి, అక్కా, పాత కంపెనీవాళ్లు ఫోన్ చేశారు అన్నాడు. ఎవరు కట్టిన సాఫ్ట్‌వేర్‌లోనైనా కన్నం ఎక్కడుందో వెతికి పట్టుకోవడం అతని పని. అందులో అతనికి సాటి వచ్చేవాడు లేడు. అతను వెళ్లిపోతే మిగతా ముగ్గురూ ఆగరు. ప్రణతి ఆ పూటే వెళ్లి అప్పలస్వామి గారి బల్ల ముందు కూర్చుని, అందరూ ఆకుపచ్చ బటన్ దాకా వస్తున్నారు, ఒక్కరూ నొక్కడం లేదు, ఎందుకు సార్ అని నిలదీసింది.

ఆయనకు ఆ పిల్లను చూసి జాలేసినట్టుంది. కుర్చీ దగ్గరకు లాక్కుని గొంతు తగ్గించారు. ఆయన శ్రీకాకుళం మనిషి. ఆఫీసు భాష పక్కన పెడితే మనసు విప్పి మాట్లాడతారు.

"చూడమ్మా, నొక్కితే నొక్కినోడని ఒకడు తేల్తాడు. నొక్కకపోతే ఎవుడూ తేలడు. ముప్పై ఏళ్లనించి చూస్తన్నాను, పని సెయ్యనందుకు ఎవుడికీ మెమో రాలేదు. సేసినోడికే వచ్చింది. నువ్వేమో నొక్కడానికి ఒక్కటే బటనిచ్చి, అది కూడా పని జరిగిపోయే బటనిచ్చినావు. మరి మనుసులకి భయం ఉండదా?"

మరి ఏ బటన్ ఇవ్వాలి అని ఆమె అడిగింది. ఆయన బల్లమీద ఫైలు తెరిచి చూపించారు. ఫైలు నిండా సంతకాలున్నాయి. ఒక్క సంతకం దగ్గరా అవుననీ లేదు, కాదనీ లేదు. అన్నిచోట్లా "చూచితిని" అని ఉంది.

ఆ రాత్రే ప్రణతి తెరమీద రెండో బటన్ పెట్టింది. "చూచితిని."

ఫలితం చూసి ఆమె నివ్వెరపోయింది. మర్నాడు మధ్యాహ్నానికల్లా సంస్థలో అందరూ నొక్కేశారు. ఎండీ గారు నొక్కారు. సీతామహాలక్ష్మి గారు రెండు కుర్చీల్లోంచీ నొక్కారు. అధికారం లేకపోయినా డ్రైవర్ల సంఘం వారు తమకూ ఒకటి కావాలని వినతిపత్రం ఇచ్చారు. ఇంతకాలం ఆ సాధనం ముఖం చూడనివాళ్లు పొద్దున్నే వచ్చి, ఫ్యాను వేసుకుని, ముందు ఒకసారి చూచితిని నొక్కిగాని పని మొదలుపెట్టడం లేదు. వాడకం లెక్కలు చూసి హరనాథ్ ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఇంత ఆదరణ ఏ దేశంలో ఏ వాలెట్‌కూ రాలేదని గోడమీద గ్రాఫు అంటించాడు. రూపాయి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

రుచి మరిగాక ఊరుకుంటారా? ఎండీ గారు తన స్థాయికి చూచితిని చాలదని "మాట్లాడవలెను" అడిగారు. అది నొక్కితే నాణెం ఆగిపోతుంది. ఎవరు, ఎవరితో, దేన్ని గురించి మాట్లాడాలో ఉండదు. సీతామహాలక్ష్మి గారు "పూర్వ సందర్భములతో సమర్పింపుడు" అడిగారు. ఇంతవరకూ ఒక్క నాణెమూ కదలనిచోట పూర్వ సందర్భాలెక్కడివని ప్రణతి అంటే, లేవు గనకనే అది శాశ్వతంగా పనిచేస్తుందని ఆమె సంతోషంగా చెప్పారు. తర్వాత "పై అధికారుల దృష్టికి" వచ్చింది. సంస్థలో ఎండీ గారికి పైన ఎవరూ లేరు గనక అది సచివాలయానికి వెళుతుంది. సచివాలయం వారు, ఒక్క రూపాయి విషయము మీ స్థాయిలోనే నిర్ణయించుకొనుడని తిప్పి పంపుతారు. ఎండీ గారు దాన్ని చూచి, చూచితిని నొక్కుతారు.

బటన్లు పెరిగి తెర కిక్కిరిసిపోయింది. సరళత్వము లోపించినదని సంస్థలో గగ్గోలు పుట్టింది. వెంటనే సరళీకరణ ఉపసంఘం ఏర్పడింది. వాళ్లు ఏ బటన్ ఎంతమంది వాడుతున్నారో తెప్పించుకుని, అనవసరమైనవి తీసేయాలని తీర్మానించారు. అన్ని బటన్లూ బ్రహ్మాండంగా వాడకంలో ఉన్నాయి. పెట్టిననాటి నుంచి ఒక్కరూ నొక్కనిది ఒకటే ఉంది. అది ఆకుపచ్చది.

"సదరు 'పంపు' బటన్ నిరుపయోగముగా ఉండుటయే గాక, పొరపాటున నొక్కబడు ప్రమాదము కూడ కలదు" అని ఉపసంఘం రాసింది.

ఆ నివేదిక ప్రణతి చేతికి వచ్చింది. అది తీసేస్తే వాలెట్‌లోకి నాణేలు రావడమే గాని పోవడమనేది ఉండదు. ఆ మాటే రాసి పంపింది. అదియే సంస్థ ఉద్దేశమని జవాబు వచ్చింది. దాంతోపాటు ఎండీ గారు ఫోన్ చేసి, ఇది తీసేస్తే ధ్రువపత్రం విషయం సానుకూలంగా పరిశీలిస్తామన్నారు. ఆమె ఫోన్ పెట్టేసి, కాంటీను బల్ల దగ్గర ఉన్న నలుగురినీ చూసింది. ఎవరూ నవ్వడం లేదు. ఫణీంద్ర ముందు పాత కంపెనీవాళ్ల ఉత్తరం తెరిచి ఉంది. ఆమె తన గదిలోకి వెళ్లి, జీవితంలో మొదటిసారి, ఉండవలసినదాన్ని పీకి పారేసింది. తర్వాత చాలాసేపు చేతులు కడుక్కుంది.

తెర మీద బటన్ తీసేస్తే చాలదు, లోపల కూడా దారి ఉండకూడదని ఉపసంఘం పట్టుబట్టింది. ఆ పని ఫణీంద్రకు పడింది. వచ్చిన ఉత్తరం మడిచి పెట్టేసి, అతను వారం పాటు నిద్రాహారాలు మాని, నాణెం బయటికి జారగలిగిన ప్రతి సందూ వెతికి మూసేశాడు. పని అంటే అతనికి అంత ప్రేమ.

రూపాయి పరీక్ష షరతు అలాగే ఉంది గనక దాన్ని కూడా జరిపించారు. సంస్థ ఆవరణలో షామియానా వేసి, అందరి ఎదుటా రూపాయి పంపడానికి ప్రయత్నించారు. కదలలేదు. ఎండీ గారు స్వయంగా ప్రయత్నించారు. కదలలేదు. పక్క కార్పొరేషన్ నుంచి కంప్యూటరు నిపుణుణ్ణి పిలిపించి ప్రయత్నింపజేశారు. అతను చెమటలు కక్కి, తలపట్టుకుని లేచిపోయాడు. షామియానా దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. ఒక్క రూపాయిని సైతం ఎవ్వరూ కదల్చలేని సాధనము నిర్మించబడినదని, పరీక్ష ఆశించినదానికన్నా మిన్నగా విజయవంతమైనదని ధ్రువపత్రం ఇచ్చారు.

అక్కడి నుంచి తాళంచెవి టెక్నాలజీస్ దశ తిరిగింది. పైసా అవినీతికి ఆస్కారం లేని ఆర్థిక విధానమని పత్రికలు రాశాయి. పసుపు బోర్డు, పట్టు సమాఖ్య, ఏదో విశ్వవిద్యాలయం తమకూ అలాంటిదే కావాలని వరుస కట్టాయి. సంపూర్ణ భద్రతకు రాష్ట్రస్థాయి పురస్కారం వచ్చింది. వేదిక మీద శాలువా కప్పించుకున్న హరనాథ్‌కు ఒళ్లు తెలియలేదు. మైకు అందుకుని, తమ సాధనం మీద తమకెంత నమ్మకమంటే, సంస్థవారు తమకు ఇవ్వవలసిన సొమ్మును కూడా అదే వాలెట్ ద్వారానే ఇవ్వాలని కోరుతున్నామన్నాడు.

మొదటి వరసలో కూర్చున్న ప్రణతి లేచి నిలబడింది. వద్దని చెయ్యి ఊపింది. అభినందిస్తోందనుకుని అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మంత్రిగారు అక్కడికక్కడే ఆమోదించారు. అన్యమార్గమున చెల్లింపు కూడదని మర్నాడే ఉత్తర్వు వచ్చింది.

దసరా ముందురోజు ప్రణతి సంస్థకు వెళ్లింది. ఆమెకు ఎంతో మర్యాద చేశారు. సీతామహాలక్ష్మి గారు పక్కన కూర్చోబెట్టుకుని, కంపెనీవారి మొత్తం సొమ్మును వాలెట్‌లోనే వేరే అరలో కేటాయించామని చూపించారు. అరమీద కంపెనీ పేరు కూడా అందంగా రాయించారు. దీన్ని బయటికి తీయాలంటే పంపు బటన్ తిరిగి పెట్టాలి మేడమ్, ఒక్క గంట పని, పెట్టేస్తాను అంది ప్రణతి. ఆ మాటకు ఆమె చెవులు మూసుకున్నంత పనిచేశారు. అప్పలస్వామి గారు అందుకున్నారు.

"పురస్కారం పొందిన దానికి కన్నం పెడతావేటమ్మా? అదీ మీ డబ్బు మీరు తీసుకోడానికి, మీరే? దాన్నేమంటారో తెలుసా?"

ఏమంటారో ఆయన చెప్పలేదు. లబ్ధిదారుల కోసమంటూ కిందటి నెల సంస్థవారు ఆమెచేతనే చేయించుకున్న తెరను ఆమె ముందుకు తిప్పారు. అందులో వాళ్ల సొమ్ము అంకె తళతళా మెరుస్తోంది. దాని కింద నొక్కడానికి "చూచితిని" తప్ప మరేమీ లేదు. చూసుకోమ్మా, నొక్కు, నీ కంపెనీ తరఫున అన్నారు సీతామహాలక్ష్మి గారు ఆప్యాయంగా. ప్రణతి మర్యాదకు నొక్కింది.

తెర మీద అక్షరాలు మారాయి. "లబ్ధిదారు సొమ్మును చూచినారు. కావున ముట్టినట్లు భావించి ఫైలు మూసివేయడమైనది."

ఆమె ఆటోనగర్ చేరేసరికి నలుగురూ బోనస్ సంగతి మాట్లాడుకుంటున్నారు. హరనాథ్ పట్టు సమాఖ్యవారి విందుకు వెళ్లాడు. ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. ఫణీంద్ర కుర్చీ లాక్కుని, చొక్కా చేతులు మడిచి, వాలెట్ ముందు కూర్చున్నాడు. సంస్థవారు ఒప్పుకోనిదే బటన్ తిరిగి పెట్టడం కుదరదు గాని, ఎక్కడో ఒక కన్నం ఉండకపోదు, ఉన్నదంటే తనకు దొరక్కపోదు. మిగిలినవాళ్లు అతని వెనక నిలబడ్డారు. టీ తెప్పించారు. మళ్లీ తెప్పించారు. కింద దుకాణంలో టైర్లకు పసుపు, కుంకుమ పెట్టి పూజ చేసే సందడి మొదలయ్యేదాకా అతను తల ఎత్తలేదు.

ఎత్తినప్పుడు అతని కళ్లల్లో నీళ్లున్నాయి. మొహంలో మాత్రం, ఎంత దాచుకుందామన్నా దాగని గర్వం ఉంది.

"లేదక్కా," అన్నాడు. "ఎక్కడా లేదు. అంత బాగా మూశాను."